మేడ్చల్ నుంచి ఘట్‌కేసర్‌కు గూగుల్ మ్యాప్స్: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ చూసుకోవాలి

మేడ్చల్ నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది, ఘట్‌కేసర్ వరంగల్ వెళ్లే 163 మీద. హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక ఈ రెండూ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఇరుగుపొరుగు ఊళ్లయిపోయాయి. మధ్యలో శామీర్‌పేట, కీసర. పెళ్లికనో, కాలేజీ పని మీదనో, ప్లాటు చూడ్డానికనో ఈ దారిన కార్లలో తిరిగేవాళ్లకు లెక్కలేదు. ఎక్కువమంది చేతిలో ఉండేది గూగుల్ మ్యాప్సే. ఇలాంటి చిన్న ప్రయాణానికి ఆ యాప్ ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తే: ఔటర్ మీద ఉన్నంతసేపు దానికి పెద్దగా వంక పెట్టలేం. ఔటర్ ఎక్కేదాకా, దిగిన తర్వాత మాత్రం కళ్లు మూసుకుని వెళ్లొద్దు.

ఇంతమాత్రం దూరానికి ప్లాన్ ఎందుకని తీసిపారేయకండి. విజయవాడ వెళ్లేటప్పుడు పావుగంట పోయినా పెద్దగా తెలియదు. ముప్పావు గంట ప్రయాణంలో ఒక్క ర్యాంపు, అంటే ఔటర్ ఎక్కే, దిగే దారి, తప్పితే ముహూర్తం దాటిపోతుంది. ఔటర్ మీద యూటర్న్ ఉండదు. మేడ్చల్‌కు ఔటర్ ఎంట్రీ ఊళ్లో లేదు, సికింద్రాబాద్ వైపు కొన్ని కిలోమీటర్లు వెనక్కి వస్తే కండ్లకోయ దగ్గర ఉంటుంది. అక్కడ పొరపాటున పటాన్‌చెరు వైపు ఎక్కారా, దుండిగల్ దగ్గరి 5వ ఎగ్జిట్ దాకా పోయి, టోల్ కట్టి, దిగి, మళ్లీ ఎక్కి రావాల్సిందే.

అందుకే బండి తీసేముందు యాప్ చూపే నిమిషాల కంటే ఎగ్జిట్ నంబర్లు గుర్తుపెట్టుకోవడం ముఖ్యం. కోకాపేట దగ్గర 1తో మొదలై గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే నంబర్లు పెరుగుతాయి. మేడ్చల్ 6, శామీర్‌పేట 7, కీసర 8, ఘట్‌కేసర్ 9. బోర్డుల మీద నంబరు పెరుగుతూ పోతుంటే దారి సరైనదే. ఎక్కగానే 5 కనిపిస్తే దిక్కు మారిందని అర్థం. 9 దాటిపోతే తర్వాతిది 10, తారామతిపేట. ఈ నాలుగు అంకెలు తెలిసినవాళ్లకు సిగ్నల్ పోయినా, ఫోన్ వేడెక్కి ఆగిపోయినా కంగారుండదు.

ఇక యాప్ సంగతి. తప్పుల్లో సగం పిన్ దగ్గరే మొదలవుతాయి. సెర్చిలో ఉత్త ‘ఘట్‌కేసర్’ అని కొడితే యాప్ ఊరి మధ్యలో ఎక్కడో ఒక చుక్క పెట్టి అక్కడికి దారి చూపిస్తుంది. మీరు వెళ్లాల్సిన ఫంక్షన్ హాలో, వెంచరో హైవేకి అవతలి పక్కన ఉండొచ్చు. డివైడర్ ఉన్న రోడ్డు మీద అవతలి పక్క అంటే ముందుకెళ్లి యూటర్న్ చేసుకుని వెనక్కి రావడమే. గేటెడ్ కమ్యూనిటీలది ఇంకో తంటా. పిన్ లోపలి బ్లాకు మీద ఉంటే, ఏ రోడ్డు దానికి దగ్గరగా ఉంటే ఆ రోడ్డుకు తీసుకెళ్లి ‘గమ్యం చేరుకున్నారు’ అంటుంది. అక్కడ గేటుండదు, ప్రహరీ గోడ ఉంటుంది. పిలిచినవాళ్లను వాట్సాప్‌లో లొకేషన్ అడిగేటప్పుడు ఇంట్లో కూర్చుని పంపొద్దని, గూగుల్ మ్యాప్స్‌లో మెయిన్ గేటు మీద వేలు నొక్కిపట్టి పిన్ పెట్టి పంపమని చెప్పండి. ఇంట్లోంచి పంపిన కరెంట్ లొకేషన్ శ్లాబు కింద పదులకొద్దీ మీటర్లు తేడా చూపించగలదు. ‘లైవ్ లొకేషన్’ అసలే వద్దు, పంపినవాళ్లు కూరగాయలకు బయల్దేరితే మీ గమ్యం కూడా మార్కెట్‌కు వెళ్తుంది.

పిన్ సరిగ్గా పెట్టాక రూట్ ఆప్షన్లు తెరిచి చూడాలి. అక్కడ ‘టోల్‌లు వద్దు’ అన్న మీట పాత ప్రయాణంలో ఎప్పుడో వేసి మరిచిపోయి ఉంటే, ఔటర్‌ను పక్కనపెట్టి శామీర్‌పేట, కీసర ఊళ్ల మీదుగా తిప్పుతుంది. ‘ఔటర్ ఎందుకు చూపించట్లేదు’ అన్నప్పుడు ముందు చూడాల్సింది ఈ మీటనే. రెండోది ఇంధనం ఆదా చేసే రూట్, ఆకు గుర్తుతో కనిపించేది. రెండు దారులకు పట్టే సమయం దగ్గరదగ్గరగా ఉంటే తక్కువ ఇంధనం ఖర్చయ్యేదాన్ని యాప్ ముందుకు తెస్తుంది. రాత్రిపూట గుంతలు, లైట్లు లేని మలుపులు దాని లెక్కలోకి రావు. ఇలాంటి ప్రయాణానికి దాన్ని ఆపేయడమే మేలు.

బైక్ మీద వెళ్లేవాళ్లకు వేరే హెచ్చరిక. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూ వీలర్లను, ఆటోలను రానివ్వరు. యాప్‌లో కారు గుర్తు ఉండగా నావిగేషన్ మొదలుపెడితే నేరుగా టోల్ గేటు ముందుకు తీసుకెళ్లి నిలబెడుతుంది. బైక్ గుర్తుకు మార్చుకుని, సర్వీస్ రోడ్డు పట్టుకోండి. ఆ సర్వీస్ రోడ్డు కూడా చివరిదాకా ఒకే తీరుగా ఉండదు. కొన్నిచోట్ల తెగిపోయి ఊరి రోడ్డులో కలుస్తుంది, గట్టి వాన పడితే అండర్‌పాస్‌లలో నీళ్లు నిలుస్తాయి. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్లు ఉండనే ఉన్నాయి.

ర్యాంపుల దగ్గర యాప్ ఎందుకు తడబడుతుందో తెలిస్తే దాన్ని తిట్టుకోం. ఆరుబయట మంచి ఫోన్‌లో కూడా జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఎంట్రీ ర్యాంపు, సర్వీస్ రోడ్డు విడిపోయే చోట రెండిటికీ మధ్య ఎడం మొదట్లో అంతే ఉంటుంది. మీరు సర్వీస్ రోడ్డులో ఉన్నా, ఔటర్ ఎక్కేశారనుకుని ‘నేరుగా వెళ్లండి’ అంటుంది. తప్పని అది గ్రహించి రూట్ మార్చేసరికి మీరు ర్యాంపు దాటిపోయి ఉంటారు. ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అన్నది ముందుగా చెప్పే సదుపాయాన్ని గూగుల్ 2024లో ఇక్కడ తెచ్చింది. కొంత మేలు. అయినా కండ్లకోయలో ఫోన్ మాట కంటే రోడ్డు మీది పెద్ద బోర్డే చూడాలి. శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ అని రాసి ఉన్న ర్యాంపే మీది.

ఇంకో అతితెలివి కూడా బెడిసికొడుతుంది. యాప్ లోపలి దారులు పట్టకుండా ఉండాలని కొందరు మధ్యలో ఔటర్ మీదే ఒక స్టాప్ పెడతారు. వేలు కాస్త పక్కకు పడితే ఆ పిన్ అవతలి వైపు రోడ్డు మీద, అంటే ఎదురుదిశ లేన్ల మీద పడుతుంది. అప్పుడు ఆ చుక్కను తాకడానికి మిమ్మల్ని ఒక ఎగ్జిట్‌లో దింపి, తిప్పి, వెనక్కి పంపాలని చూస్తుంది. స్టాప్ పెట్టాలనుకుంటే బయల్దేరే ముందు మ్యాపును పెద్దది చేసి, నీలిగీత ఎక్కడా మెలిక తిరగకుండా సాఫీగా ఉందో లేదో చూసుకోండి.

సమయం దగ్గరికొస్తే గూగుల్‌కే ఎక్కువ మార్కులు. ఔటర్ మీద కుడివైపు రెండు లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వరకు, ఎడమ రెండు లేన్లలో 80 వరకు పరిమితి. తొందరపడకుండా నడిపినా 6 నుంచి 9కి పాతిక నిమిషాల లోపే చేరతారు. యాప్ చెప్పే అంచనా ఈ భాగంలో పెద్దగా తప్పదు, కారణం సులువే. రోడ్డు మీద కదిలే ఫోన్ల వేగం చూసి అది ట్రాఫిక్ లెక్క కడుతుంది, ఔటర్ మీద ఫోన్లకు కొదవలేదు. మేడ్చల్ సందుల్లో, ఘట్‌కేసర్ లోపలి రోడ్ల మీద పరిస్థితి వేరు. అక్కడ రైల్వే గేటు పడిందా, సంత రోజా, బరాత్ నడుస్తోందా అన్నది దానికి ముందుగా తెలియదు. మనం ఇరుక్కుని, మన వెనక పదిమంది ఇరుక్కున్నాకే గీత ఎర్రబడుతుంది.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. మేడ్చల్ ఊళ్లోంచి ఔటర్ ఎక్కడానికి పావుగంట, ఔటర్ మీద పాతిక నిమిషాలు, దిగాక గమ్యానికి మరో పది. మొత్తం యాభై. ఆఫీసు వేళల్లో, హైవే మీద పనులు నడుస్తుంటే మొదటి భాగాన్ని రెట్టింపు చేయండి, మధ్య భాగాన్ని కదిలించక్కర్లేదు. రేపటి ప్రయాణానికైతే మూడు చుక్కల మెనూలో బయల్దేరే సమయమో, చేరాల్సిన సమయమో పెట్టి చూడొచ్చు. అది పాత రోజుల ట్రాఫిక్‌ను బట్టి ‘ఇంత నుంచి ఇంత’ అని రెండు అంకెలు ఇస్తుంది. ముహూర్తం ఉంటే పెద్ద అంకెనే నమ్మండి. మహాశివరాత్రికి కీసరగుట్ట జాతర ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో 8వ ఎగ్జిట్ చుట్టుపక్కల, సెలవుల్లో యాదగిరిగుట్ట జనంతో వరంగల్ రోడ్డు మీద, పాత లెక్కలేవీ పనిచేయవు.

నావిగేషన్ నడుస్తుండగా ‘ఇంకో దారిలో మూడు నిమిషాలు ఆదా’ అని అడ్డొస్తుంది. ఔటర్ మీద ఉన్నప్పుడు అలా వస్తే వద్దని నొక్కేయండి. మధ్యలో 8 దగ్గర దింపి రాంపల్లి వైపు పంపే మూడు నిమిషాల లాభం ఒక్క స్పీడ్ బ్రేకర్ల వరుసలో కరిగిపోతుంది. పక్క సీట్లో ఎవరైనా ఉంటే ఫోన్ వాళ్ల చేతికివ్వడం ఇంకా మంచిది.

టోల్ మొత్తాన్ని యాప్ ముందే చూపిస్తుంది, అంచనాగా తీసుకోవచ్చు. ఔటర్‌లో ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంతకే డబ్బు. ఎక్కేచోట ఫాస్టాగ్ చదువుతుంది, దిగేచోట కోస్తుంది. 2023లో ఈ రోడ్డు టోల్‌ను 30 ఏళ్ల లీజుకు ఐఆర్‌బీ అనే కంపెనీకి అప్పగించారు, ఏటా ఏప్రిల్‌లో రేట్లు మారుతుంటాయి. 2025 ఏప్రిల్ రేటు కార్లకు కిలోమీటరుకు 2.44 రూపాయలు. ఆ లెక్కన 6 నుంచి 9కి 80 రూపాయల చుట్టుపక్కల. జాతీయ రహదారులకు 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన వార్షిక పాస్ ఇక్కడ చెల్లదు, ఔటర్ జాతీయ రహదారి కాదు గనుక. పాస్ ఉంది కదా అని ఫాస్టాగ్ వాలెట్ ఖాళీగా ఉంచుకుని ఎక్కితే దిగేచోట ఇబ్బందే. గేటు ముందు నిలబడి రీచార్జి చేసినా వెంటనే ఎక్కకపోవచ్చు, వెనక లారీ హారన్ మాత్రం వెంటనే మోగుతుంది. ఎంట్రీలో ట్యాగ్ చదవకుండా గేటు ఎత్తేస్తే అక్కడే ఆగి అడగండి. ఎక్కడ ఎక్కారో నమోదు లేకపోతే దిగేటప్పుడు దూరం మీద వాదన తప్పదు.

టైర్లలో గాలి, పెట్రోలు ఎక్కేముందే చూసుకోవాలి. గాలి తక్కువున్న టైరు ఊళ్లో నలభైలో నడిచినా, వంద దాటాక వేడెక్కి పేలే ప్రమాదముంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఎంత రాసి ఉంటే అంత, బండి చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. ఎడమ అంచున ఆగి ఉన్న లారీల సంగతి ఏ యాప్ అయినా చెబుతుందన్న భరోసా పెట్టుకోవద్దు, రాత్రిపూట చివరి లేన్‌లో వెళ్లకపోవడమే జాగ్రత్త.

మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ యాప్ కూడా ఫోన్‌లో ఉంచుకోవచ్చు. జంక్షన్లను బొమ్మ గీసినట్టు చూపించడంలో దానిది పైచేయి, ఏ లేన్‌లో ఉండాలో చూడగానే తెలుస్తుంది. ఆరు అక్షరాల మ్యాపుల్స్ పిన్ ఫోన్‌లో చెప్పి రాయించడానికి వీలుగా ఉంటుంది. ట్రాఫిక్ అంచనాలో మాత్రం గూగుల్‌కు సాటి రాదు. దారి చూసుకోవడానికి మ్యాపుల్స్, సమయం చూసుకోవడానికి గూగుల్ అన్నట్టు వాడితే రెండిటికీ న్యాయం జరుగుతుంది. గూగుల్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఈ ప్రాంతపు ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోండి. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ కనిపించదు కానీ దారి మిగులుతుంది.

తిరుగు ప్రయాణానికి నంబర్లు తగ్గాలి: 9, 8, 7, 6. ఘట్‌కేసర్‌లో ఎక్కేటప్పుడు పెద్ద అంబర్‌పేట అని ఉన్న ర్యాంపు జోలికి వెళ్లొద్దు, అది విజయవాడ రోడ్డు వైపు. 6లో దిగాక మేడ్చల్‌కు నిజామాబాద్, నాగ్‌పూర్ బోర్డు చూసి తిరగాలి. సికింద్రాబాద్ బోర్డు పట్టుకుంటే కొంపల్లిలో తేలతారు. సాయంత్రం ఆరు దాటితే ఈ చివరి ముక్కకే ఔటర్ మీది ప్రయాణం మొత్తానికి పట్టినంత సమయం పట్టొచ్చు, కాబట్టి ఇంట్లోవాళ్లకు యాప్ చూపిన టైముకు మరో పావుగంట కలిపి చెప్పండి.