కొబ్బరి తోటలో నాలుగు కట్టడాలకు జిగ్బీ: నాలుగేళ్ల వాడకం తరువాత

మా తోట ఏలూరు జిల్లాలో ఉంది. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేశాం. తోటలో నాలుగు కట్టడాలున్నాయి. మేముండే డాబా, దానికి 45 మీటర్ల దూరంలో అమ్మ ఉండే పాత పెంకుటిల్లు, ఇంకో వైపు 60 మీటర్ల దూరంలో రేకుల పశువుల పాక, దాన్ని ఆనుకుని కోకో గింజలు నిల్వ చేసే గది, అన్నిటికీ చివర, డాబాకు 140 మీటర్ల దూరంలో మోటారు షెడ్డు. ఈ కట్టడాల్లోని సెన్సార్లు, స్విచ్చులు, బటన్లను జిగ్బీతో కలిపాను. జిగ్బీ అంటే ఇలాంటి చిన్న పరికరాలు తక్కువ కరెంటుతో, తీగలు లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. 2021 జూన్‌లో ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), దానికి తగిలించిన ఒక జిగ్బీ స్టిక్కు, ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు తోటలో అరవైకి పైగా పరికరాలు నడుస్తున్నాయి. ఈ మధ్యలో మూడుసార్లు అంతా విప్పి మళ్లీ కట్టాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. విడివిడి కట్టడాలున్నచోట ఒకే జిగ్బీ వలను సాగదీయవద్దు. ప్రతి కట్టడానికి దాని వల దానికి వేసి, ఆ వలలను ఫైబర్‌తో, అంటే కాంతితో సందేశాలు మోసే గాజు తీగతో, కలపండి. ఈ మాట నాకు మొదట్లో ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే రెండేళ్ల శ్రమ, ఒక రాత్రి బాధ తప్పేవి.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. జిగ్బీలో కరెంటుతో నడిచే ప్లగ్గులు, స్విచ్చులు తమ పని చేసుకుంటూనే పక్క పరికరాల సందేశాలను ముందుకు అందిస్తాయి. బ్యాటరీతో నడిచే సెన్సార్లు, బటన్లు ఆ పని చేయవు. కాబట్టి దారి పొడవునా ప్లగ్గులు పెడితే సందేశం మెట్లెక్కినట్టు వెళ్లిపోతుందనుకున్నాను. డాబా వసారాలో ఒకటి, బావి దగ్గరి లైటు స్తంభానికి వాన తగలని డబ్బాలో ఒకటి, పెంకుటింటి వసారాలో ఒకటి. ఎండాకాలంలో బాగా పనిచేసింది. వానలు మొదలయ్యాక చిక్కులు వచ్చాయి. జిగ్బీ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు. నీరు వాటిని పీల్చేస్తుంది, తడిసిన ఆకు నీటితో సమానం. మా కోకో చెట్లు పది పన్నెండు అడుగుల ఎత్తుండి, సరిగ్గా ప్లగ్గుల దారికి అడ్డంగా గుబురుగా పెరుగుతాయి. రేకుల పాక సంగతి ఇంకా కష్టం. రేకు దాటి సిగ్నల్ పోదు. తలుపు తెరిచినప్పుడు అందిన సెన్సారు, మూయగానే మాయమయ్యేది.

అసలు దెబ్బ కరెంటు కోత వల్ల తగిలింది. డాబాకు ఇన్వర్టర్ ఉంది. పెంకుటింట్లోనూ చిన్నది పెట్టాం. బావి దగ్గరి స్తంభానికి మాత్రం ఏమీ లేదు. ఆ ఏడాది అక్టోబరులో ఒక రాత్రి కరెంటు పోయింది. అమ్మకు జ్వరం ముదిరి, డాబాలో గంట మోగడానికి మంచం పక్కన పెట్టిన బటన్ నొక్కింది. స్తంభం మీది ప్లగ్గు చచ్చి ఉంది కాబట్టి సందేశం డాబాకు చేరలేదు. తెల్లవారి వెళ్తే, "నాలుగుసార్లు నొక్కానురా, గంట మోగలేదా?" అని అడిగింది. ఆ మాట నేను మరిచిపోలేదు. ఒక్క మెట్టు విరిగితే నిచ్చెన మొత్తం పనికిరాకుండా పోయే ఏర్పాటును మనిషి ప్రాణానికి సంబంధించిన పనికి నమ్ముకోవడం నా తప్పు. అప్పటినుంచి ప్రతి నిర్ణయాన్నీ ఆ బటన్ వైపు నుంచే చూశాను.

రెండో ప్రయత్నంగా 2022లో కట్టడాల మధ్య నెట్‌వర్క్ వేశాను. పాకకు, పెంకుటింటికి రాగి ఈథర్నెట్ కేబుల్ గొట్టంలో వేసి పాతాను. ఈథర్నెట్‌కు హద్దు 100 మీటర్లు కాబట్టి ఆ రెండింటికీ సరిపోయింది. మోటారు షెడ్డుకు మాత్రం 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి, అంటే ఎదురెదురుగా చూసుకునే రెండు చిన్న యాంటెన్నాలు, బిగించాను. కోకో గుబురు కన్నా పైన, కొబ్బరి మట్టల కన్నా కింద ఒక ఖాళీ ఉంటుంది. ఇరవై అడుగుల పైపులు నిలబెట్టి ఆ ఖాళీలోంచి గురిపెట్టాను. నేరుగా కనిపిస్తే చాలదు. 140 మీటర్ల దూరానికి దారి మధ్యలో చుట్టూ దాదాపు మీటరున్నర ఖాళీ ఉండాలి. పదకొండు నెలలు అది చక్కగా పనిచేసింది. మధ్యలో ఏ చెట్టూ లేని వరి చేనుకు అవతల షెడ్డు ఉన్నవారికి నేను ఇప్పటికీ బ్రిడ్జినే సూచిస్తాను. మా తోటలో మాత్రం ఒక ఎండుమట్ట రాలి యాంటెన్నాను పక్కకు తిప్పేసింది. సరిచేశాను. నెల తిరగకుండా ఇంకోటి రాలింది.

రాగి కేబుళ్లను 2023 మే నెల పిడుగు తినేసింది. పిడుగు మా తోటలో పడలేదు, ఎక్కడో పక్క చేలో పడింది. అయినా కేబుల్‌కు రెండు చివరలా ఉన్న స్విచ్చులు, పాకలోని కోఆర్డినేటర్ (అక్కడి జిగ్బీ వలను నడిపే పరికరం) కాలిపోయాయి. రెండు కట్టడాలకు వేర్వేరు ఎర్తింగ్ ఉన్నప్పుడు, దగ్గరలో పిడుగు పడితే ఆ రెండు చోట్లా నేల వోల్టేజి ఒకేలా ఉండదు. వాటిని కలిపే రాగి తీగ ఆ తేడాకు దారి ఇస్తుంది. హఠాత్తుగా పెరిగే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాలని నాకు తెలుసు, ఒక చివర పెట్టాను కూడా. సరిపోలేదు.

ఇక ఫైబర్. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే నా ఏర్పాటుకు వెన్నెముక, ఇక్కడే చాలామంది అనవసరంగా భయపడతారు. ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే సన్నని ఫైబర్ తీగే ఇది, మీటరుకు పది రూపాయల లోపే పడింది. గాజు కరెంటును మోయదు కాబట్టి పిడుగు భయం ఆ దారిలో లేదు. ఒక జాగ్రత్త. ఈ తీగల్లో చాలావాటికి బలం కోసం లోపల ఉక్కు తీగ ఉంటుంది. అది ఉంటే మళ్లీ లోహపు దారి ఏర్పడినట్టే. లోహం లేని రకం కావాలని అడిగి తీసుకోండి. నేను హెచ్‌డీపీఈ గొట్టంలో వేసి రెండడుగుల లోతున పాతాను. పందికొక్కుల బెడద ఉన్న తోట కాబట్టి గొట్టం తప్పనిసరి. పాతిన దారి వెంట సున్నపు గుర్తు రాళ్లు పెట్టాను, లేకపోతే గొప్పులు తవ్వేటప్పుడు గునపం దిగుతుంది.

చివరలు అతికించే పనికి ఊళ్లో కేబుల్ పని చేసే అతన్ని పిలిచాను. గంటన్నరలో మూడు తీగలూ పూర్తిచేశాడు. నేను పొరపడింది మీడియా కన్వర్టర్ల దగ్గర. ఫైబర్‌ను ఈథర్నెట్‌గా మార్చే ఈ డబ్బాలు జతగా వస్తాయి. ఒకే తీగ మీద రెండు వైపులా మాట్లాడటానికి ఒకటి ఒక రంగు కాంతితో పంపితే రెండోది ఇంకో రంగుతో పంపుతుంది. రెండూ ఒకే రకానివి కొంటే పనిచేయవు. అలాగే అతను అలవాటు కొద్దీ పచ్చ కనెక్టర్లు వేశాడు, నా డబ్బాలవి నీలం. పచ్చదాని ముఖం కాస్త వాలుగా చెక్కి ఉంటుంది, నీలంలో దూర్చితే కాంతి సగంలోనే చెదిరిపోతుంది. లింకు వస్తూ పోతూ రెండు రోజులు వేధించింది. నీలం కనెక్టర్లు వేయించాక రెండేళ్లకు పైగా ఒక్కసారీ తెగలేదు.

ఆ ఫైబర్ చివర ప్రతి కట్టడంలో ఈథర్నెట్‌తో పనిచేసే ఒక జిగ్బీ కోఆర్డినేటర్ ఉంది. వైఫైతో కలుపుకునే వీలు వాటికి ఉన్నా వాడవద్దు. సందేశాలు ఆలస్యమై సంబంధం తెగుతుంది. డాబాలోని చిన్న కంప్యూటర్‌లో, కోఆర్డినేటర్లను హోమ్ అసిస్టెంట్‌తో కలిపే జిగ్బీటూఎంక్యూటీటీ ప్రోగ్రాం ఒక్కో కోఆర్డినేటర్‌కు ఒక్కో ప్రతిగా నడుస్తుంది. ప్రతిదానికి వేరే పేరు, సందేశాలను రహస్యంగా ఉంచే వేరే తాళం, వీలైనంతవరకు వేరే ఛానల్. జిగ్బీకి 11 నుంచి 26 దాకా పదహారు ఛానళ్లున్నాయి. పెంకుటింటికి 15, పాకకు 20, మోటారు షెడ్డుకు 25 ఇచ్చాను. 15, 20 వైఫైలో మామూలుగా వాడే 1, 6, 11 ఛానళ్ల సందుల్లో, 25 వాటన్నిటికీ పైన పడతాయి. డాబాకు మాత్రం మళ్లీ 25నే ఇచ్చాను, షెడ్డు దూరం కాబట్టి ఇబ్బంది రాలేదు. ఛానళ్లు మొదటే నిర్ణయించుకోండి. తరువాత మారిస్తే కొన్ని పరికరాలను మళ్లీ జతచేయాల్సి వస్తుంది.

మోటారు షెడ్డుకు వ్యవసాయ ఫీడరు నుంచి పగలు తొమ్మిది గంటలే కరెంటు. మిగిలిన పదిహేను గంటలు అక్కడి పరికరాలకు 26 ఆంపియర్‌ అవర్ల బ్యాటరీ ఆధారం. కన్వర్టర్, కోఆర్డినేటర్ కలిపి ఆరు వాట్లు కూడా తీసుకోవు కాబట్టి రాత్రంతా తేలికగా నడుస్తాయి, పగలు ఛార్జరు నింపుతుంది. మోటారును ఫోను నుంచి ఆన్ చేయడానికి, అది ఎంత కరెంటు తీసుకుంటోందో చూడటానికి స్టార్టర్ పక్కన పరికరాలున్నాయి. కానీ నీళ్లు లేకుండా మోటారు తిరగకుండా చూసేది, ఫేజు పోతే ఆపేది మాత్రం ప్యానెల్‌లోని పాత పద్ధతి రిలేలే, అంటే తమంతట తామే కరెంటు ఆపే స్విచ్చులే. ఆ కాపలాను నెట్‌వర్క్ చేతికి ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను.

అమ్మ బటన్ సంగతి. ఇప్పుడు అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, డాబాలో గంట, మా ఫోన్లలో కబురు. రెండోది నాకు ఎక్కువ ధైర్యమిచ్చేది. జిగ్బీలో బైండింగ్ అనే పద్ధతి ఉంది. బటన్‌ను ఒక ప్లగ్గుకు నేరుగా ముడివేస్తే, మధ్యలో కంప్యూటర్, కోఆర్డినేటర్ ఏదీ లేకపోయినా ప్లగ్గు వెలుగుతుంది. పెంకుటింటి వసారా గోడకు పెద్ద బెల్లు బిగించి, ఆ ప్లగ్గుకు తగిలించి, బటన్‌ను దానికి ముడివేశాను. ఆ ప్లగ్గు ఇన్వర్టర్ మీద ఉంది. ఫైబర్ తెగినా, డాబాలో కంప్యూటర్ ఆగినా ఆ బెల్లు తోటంతా వినబడుతుంది. ప్రతి ఆదివారం ఉదయం అన్నీ ఆపేసి అమ్మ చేతే నొక్కించి చూస్తాం. అన్ని బటన్లూ బైండింగ్‌కు ఒప్పుకోవు, కొనేముందు చూసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. ఒక సెన్సారును పాక నుంచి డాబాకు మార్చాలంటే మొదటి వలలోంచి తీసి రెండో వలలో మళ్లీ జతచేయాలి. ఒక కోఆర్డినేటర్‌తో సంబంధం తెగితే దాని ప్రోగ్రాం ఆగిపోతుంది, అది తనంతట తానే తిరిగి లేచేలా ముందుగానే అమర్చుకోవాలి. కొన్ని బ్యాటరీ సెన్సార్లు తమకు దగ్గరి ప్లగ్గు పోతే ఇంకోదాన్ని వెతుక్కోవు, మొండిగా కూర్చుంటాయి. వాటిని ముఖ్యమైన చోట్లనుంచి తీసేశాను. రేకుల పాక వేడికి మొదటి కన్వర్టర్ రెండు ఎండాకాలాల్లో పోయింది, ఇప్పుడు డబ్బాను ఉత్తరపు గోడకు, నీడలో పెట్టాను. ఆ డబ్బాల్లోకి చీమలు చేరతాయి, రంధ్రాలకు సన్నని జాలీ అతికించాలి.

మొత్తం మీద మూడు కోఆర్డినేటర్లు, మూడు జతల కన్వర్టర్లు, ఫైబర్, గొట్టం, తవ్వకం కూలి కలిపి నాకు ముప్పై ఎనిమిది వేలు అయింది. అందులో సగానికి సగం తవ్వకం, గొట్టమే. కోకో గది విషయంలో ఆ ఖర్చు ఇప్పటికే తిరిగి వచ్చిందని లెక్క వేసుకున్నాను. గాలిలో తేమ 75 శాతం దాటగానే ఫ్యాన్లు తిరుగుతాయి, కిందటి రెండు వానాకాలాల్లో గింజకు బూజు పట్టలేదు.

ఈ ఆగస్టులో వాయుగుండం వచ్చినప్పుడు ఊళ్లో పద్దెనిమిది గంటలు కరెంటు లేదు. డాబాలో ఇన్వర్టర్ కూడా ఖాళీ అయ్యి కంప్యూటర్ ఆగిపోయింది. తెల్లవారుజామున వసారా గోడ మీది బెల్లు మోగింది. గొడుగు తీసుకుని పరుగెత్తాను. అమ్మకు ఏమీ కాలేదు, పెంకుల్లోంచి మంచం మీదికి నీళ్లు కారుతున్నాయి. మంచం పక్కకు జరిపి, బిందె పెట్టి వచ్చాను.