ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ: బీటెక్‌లోనా, బీఎస్సీలోనా?

ఇంటర్ అయ్యాక కాకినాడ, భీమవరం వైపు కాలేజీలు చూసుకునే పిల్లల్లో చాలామంది కెమిస్ట్రీ రెండుచోట్లా ఒకటే అనుకుంటారు. కాదు.

బీటెక్‌లో అది సాధారణంగా ఒక్క సెమిస్టర్. నీటి కాఠిన్యం, తుప్పు, బ్యాటరీలు, పాలిమర్లు. ఇంటర్ ఎంపీసీ పునాది గట్టిగా ఉంటే, ల్యాబ్ రికార్డు ఎప్పటికప్పుడు రాస్తే గట్టెక్కుతారు.

బీఎస్సీలో మొదటి ఏడు తేలిగ్గా తీసుకుంటే చివరి ఏడు దాకా వెంటాడుతుంది. మోల్ లెక్కలు, రియాక్షన్ మెకానిజాలు బట్టీ పడితే లాభం లేదు, అర్థం కావాలి. ల్యాబ్‌లో చేయి కుదరాలి. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో, అంటే కాఠిన్యం ఎంతో కొలిచే ఈడీటీఏ టైట్రేషన్‌నే చూడండి. పీహెచ్ 10 దగ్గర ఉండేలా బఫర్ కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే ఇండికేటర్ వేస్తే నీళ్లు ముదురు ఎరుపెక్కుతాయి. చివర్లో బ్యూరెట్ నుంచి ఈడీటీఏ ద్రావణాన్ని చుక్క చుక్కగా వదలాలి. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం వచ్చిన చుక్క దగ్గరే ఆపాలి. బీటెక్ ల్యాబ్‌లోనూ ఈ ప్రయోగం ఉంటుంది గానీ, చేయి తిరిగేంత సాధనకు అక్కడ టైమ్ దొరకదు.

భీమవరం చుట్టూ ఉన్న రొయ్యల చెరువులకు ఈ పని వచ్చినవాళ్లు కావాలి. రొయ్య పెంకు వదిలి కొత్తది గట్టిపరుచుకోవాలంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండాలి మరి. ఆక్వా ల్యాబ్ మీద మనసుంటే నేను బీఎస్సీయే చెబుతాను.