ఐసో రెసిన్, మ్యాట్, ఇపాక్సీ: పాత ఫైబర్ బోటు మీద ఎనిమిది నెలలు వాడాక

తొందరలో ఉన్నవాళ్ల కోసం అసలు మాట ముందే చెప్పేస్తాను. పాత ఫైబర్ బోటుని ఇంటి దగ్గర బాగుచేసుకోవాలంటే అడుగుకీ పక్కలకీ ఐసో రెసిన్ కొనండి (గాజు పోగుల పరుపు, అదే మ్యాట్, మీద పూస్తే గట్టిపడే పాలిస్టర్ ద్రవాల్లో ఒక రకం), ఇంజన్ బిగించే వెనక చెక్కకి ఇపాక్సీ కొనండి (చెక్కని గట్టిగా పట్టుకునే ఇంకో రకం రెసిన్). ఈ రెండింట్లో డబ్బు మిగిల్చే ప్రయత్నం చేయకండి. ఇంకోటి, రెసిన్ ఏ కంపెనీది అనేదాని కంటే ఎవరి దగ్గర కొన్నాను అనేదే నా పనిలో పెద్ద తేడా తెచ్చింది.

బోటు 18 అడుగులది, ఉప్పాడలో కొన్నాను. 2004 సునామీ తర్వాత మన తీరంలో చెక్క తెప్పలు తగ్గి ఫైబర్వి పెరిగాయి కదా, ఇది ఆ రోజుల్లో వచ్చినదే. దాని యజమాని పెద్దది కొనుక్కుని దీన్ని మూడేళ్లుగా ఒడ్డున వదిలేశాడు. అక్కడ కోత ఆపడానికి వేసిన రాళ్లకి రాసుకుని రాసుకుని అడుగున పైపూత పూర్తిగా పోయి, మధ్యలో రెండు మీటర్ల మేర లోపలి గాజు పోగులు బయటికి కనిపిస్తున్నాయి. ట్రాక్టరు మీద వేసుకుని కాకినాడ తెచ్చి మా పెరట్లో రేకుల షెడ్డు కింద దించాం. ఫైబర్ మిస్త్రీకి ఇచ్చేయమని అందరూ అన్నారు. నాకేమో నా చేత్తోనే చేయాలని ఉంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో తీరంలో బోట్లన్నీ ఒడ్డుకెక్కి రిపేర్లకి కూర్చుంటాయి కాబట్టి ఆ రెండు నెలలు మిస్త్రీలు మన ఫోను కూడా ఎత్తరు. అందుకని నవంబరులో మొదలుపెట్టాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు బోటు.

మొదటిసారి కొన్న షాపు గురించి చెప్పాలి. పేరు రాయను, అవసరం లేదు. రెసిన్ కావాలనగానే మూలనున్న పీపాలోంచి ఐదు కిలోలు ప్లాస్టిక్ డబ్బాలోకి వంచి ఇచ్చాడు, లేబుల్ లేదు, అడిగితే ఐసోనే అన్నాడు. రెసిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ని మాత్రం తాగేసిన మంచినీళ్ల సీసాలో పోసి ఇచ్చాడు. అది చూడ్డానికి అచ్చం నీళ్లలాగే ఉంటుంది. ఇంట్లో పిల్లలున్న వాళ్లు దయచేసి అలా పోసిచ్చింది తీసుకోవద్దు, తాగితే ప్రాణం మీదకొస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. నేను ఇంటికొచ్చాక దాన్ని మందు సీసాలా పైన అటకెక్కించి ఎర్ర మార్కరుతో రాసి పెట్టాను కానీ, ఆ వారమంతా టెన్షన్‌గానే ఉంది.

ఆ రెసిన్‌తో వేసిన మొదటి అతుకు మూడు రోజులైనా వేలితో నొక్కితే గోరు దిగుతోంది. రెసిన్ పాతదా, హార్డ్‌నర్ చచ్చిపోయిందా, మ్యాట్‌కి చెమ్మ పట్టిందా, ఏదైనా కావచ్చు, తేల్చుకోవడానికి ఆ డబ్బా మీద ఒక తేదీ కూడా లేదు. రెండు ఆదివారాల పని మళ్లీ గ్రైండర్ పెట్టి చెక్కేశాను. పచ్చిగా ఉన్న రెసిన్ డిస్కుకి బంకలా చుట్టుకుంటుంది, ఆ పని ఎవరికీ రాకూడదు.

రెండో షాపు జగన్నాథపురం వైపు, బోట్ల వాళ్లకి సామాను అమ్మే చిన్న కొట్టు. కౌంటర్లో పెద్దాయన నేను రేటు అడగ్గానే తిరిగి నన్నే అడిగారు: "ఎండలో చేస్తారా అండీ, నీడలోనా? పొద్దున్న ఎన్నింటికి మొదలెడతారు?" రేకుల షెడ్డు అని చెప్పాను. "ఆయ్, అయితే పది దాటాక కలపకండి. రేకు కింద వేడి ఎండ కన్నా ఎక్కువుంటుంది." తర్వాత బోటు ఎన్నేళ్లది, పాత పూత ఎంతవరకు గీరారు, లోపల చెక్క తట్టి చూశారా అని అడిగి, అప్పుడు లెక్క రాసిచ్చారు. కంపెనీ సీలున్న డబ్బా, మీద తయారైన నెల, బ్యాచ్ నంబరు ఉన్నాయి. యాక్సిలరేటర్, అదే రెసిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే ఊదారంగు కోబాల్ట్, ఆయనే నా ఎదురుగా కొలిచి రెసిన్‌లో కలిపి ఇచ్చారు. ఆ పని ఆయనే ఎందుకు చేశారో తర్వాత అర్థమైంది. కోబాల్ట్‌నీ హార్డ్‌నర్‌నీ నేరుగా ఒకదాన్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది, పేలొచ్చు కూడా. కొత్తవాళ్లు ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకునే పరిస్థితే రాకుండా చేయడం ఆయన పద్ధతి. ఈ ఒక్కదానికే నేను ఆ కొట్టుకి పూర్తి మార్కులు వేస్తాను. కిలోకి నాకు ఎక్కువ పడింది, నిజమే. ఆ తేడా మొదటి షాపు వల్ల పాడైన మ్యాట్ ఖరీదుకి కూడా సరిపోదు.

ఇక ఐసో రెసిన్. మామూలుగా దొరికే జీపీ (జనరల్ పర్పస్) రెసిన్ కన్నా ఇది నీళ్లకి బాగా తట్టుకుంటుంది. రోజుల తరబడి ఉప్పునీళ్లలో ఉండే బోటుకి లోపలికి నీరు ఊరి బొబ్బలు లేస్తాయి, ఆ బెడద దీనితో తక్కువ. వాసన మాత్రం రెండూ ఒకటే, ఘాటు. వాడే పద్ధతిలో నాకు నచ్చింది ఏంటంటే హార్డ్‌నర్ కొంచెం అటూ ఇటూ మార్చుకోవచ్చు. కిలోకి 10 నుంచి 20 మి.లీ. మధ్యలో, డిసెంబరు పొద్దున్న చలికి 20, ఏప్రిల్లో 10. అంతకన్నా తగ్గిస్తే ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు, పెంచితే పెళుసుబారుతుంది. ఇరవై మి.లీ. సిరంజితో కొలిచాను, మూతల లెక్కతో పోసే పద్ధతి మానుకోండి.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఈ లెక్క మర్చిపోయాను. చలికాలం అలవాటుతో కిలో రెసిన్‌కి 20 పోసి, అదీ పెద్ద మగ్గులో, కలిపి పక్కన పెట్టి మ్యాట్ కత్తిరించుకుంటున్నాను. ఐదారు నిమిషాలకి పుల్ల పెట్టి చూస్తే అంచుల్లో జున్నులా అయిపోయింది. ఇంకో రెండు నిమిషాలకి మధ్యలోంచి తెల్లటి పొగ, మగ్గు అడుగు మెత్తబడి పక్కకి ఒరిగింది, చేత్తో పట్టుకోలేనంత వేడి. పొడుగు కర్రతో తోసుకుంటూ ఇసకలోకి లాగేశాను. అప్పట్నుంచి అరకిలోకి మించి కలపలేదు, కలిపింది వెంటనే వెడల్పాటి ట్రేలోకి పోసేస్తాను, పల్చగా పరిస్తే వేడి పైకి పోతుంది. బ్రష్షులు కడిగే అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, ఆ డబ్బా చుట్టుపక్కల ఉండకూడదు. ఇది రెసిన్ లోపం కాదు, దాని స్వభావమే అంత. కానీ అమ్మేవాళ్లు డబ్బా మీద తెలుగులో ఈ రెండు ముక్కలు రాస్తే ఎంత బాగుంటుంది.

మ్యాట్ 450 గ్రాములది వాడాను, అంటే చదరపు మీటరుకి అంత బరువు. ఒక్క పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. మ్యాట్ బరువుకి రెండుంపావు, రెండున్నర రెట్లు రెసిన్ తాగుతుంది. నాకు మొత్తం ఎనిమిది కిలోల మ్యాట్, పద్దెనిమిది కిలోల రెసిన్ పట్టాయి, ఈ లెక్కతో మీ బోటుకి మీరే వేసుకోవచ్చు. ఈ పని మొత్తంలో నాకు ఇష్టమైన ఘట్టం మ్యాట్ తడవడమే. ముందు తెల్లగా, గరుకుగా, మాట విననట్టు లేచి నిలబడుతుంది. రెసిన్ పూసి ఒక నిమిషం ఆగితే పోగుల మధ్య జిగురు కరిగి మెత్తబడి, నూనె పడిన కాగితంలా అవతలి రంగు కనిపించడం మొదలవుతుంది. అప్పుడు గాళ్ల ఇనప రోలర్ని మెల్లగా మధ్య నుంచి అంచులకి నడిపిస్తే గాలి బుడగలు చిటచిటమంటూ బయటికొస్తాయి. ఇంకా తెల్లగా మచ్చ కనిపిస్తోందంటే అక్కడ గాలి ఉంది, లేదా రెసిన్ చాల్లేదు. గట్టిపడ్డాక చెక్కేయడం తప్ప చేయగలిగేది ఏమీ లేదు, ఆ రోలర్ తిప్పే పది నిమిషాల్లోనే చూసుకోవాలి.

మ్యాట్ వేసే ముందు చెక్కడం దగ్గర మాత్రం ఓపిక పట్టండి. పాత ఫైబర్ మీద కొత్త రెసిన్ రసాయనికంగా కలిసిపోదు, గరుకుదనాన్ని పట్టుకునే నిలబడుతుంది. కాబట్టి చిల్లు చుట్టూ అంచుల్ని మందానికి పన్నెండు రెట్లు వెడల్పున ఏటవాలుగా చెక్కాలి. నా బోటు అడుగు ఐదు మిల్లీమీటర్లు, అంటే చుట్టూ ఆరు సెంటీమీటర్లు. చూడ్డానికి చిన్న చిల్లుని మనమే పెద్దది చేస్తున్నట్టు భయమేస్తుంది, కానీ అలా చేయకుండా పైన బిళ్ల అంటించినట్టు వేసిన అతుకులు నా బోటు మీదే మూడు ఉండేవి, మూడూ ఉలి పెట్టగానే పెచ్చుల్లా లేచి వచ్చేశాయి.

చెక్కేటప్పుడు వచ్చే గాజు పొడి దురద రెండు రోజులు పోదు. ఫుల్ హ్యాండ్స్, మెడ చుట్టూ తువ్వాలు, పనయ్యాక ముందు చన్నీళ్లు. రెసిన్ పూసేటప్పుడు గుడ్డ మాస్కు ఎందుకూ పనికిరాదు, రెండు పక్కలా కార్ట్రిడ్జ్‌లు ఉండే మాస్కు, అదీ ఆవిరిని ఆపే రకం కొనండి. నేను మొదటి నెల కొనలేదు, ప్రతి ఆదివారం సాయంత్రం తలనొప్పి. కొన్నాక ఆ తలనొప్పి మళ్లీ రాలేదు. పక్కింటి పిన్నిగారికి వాసన పడదని ముందు రోజే చెప్పి, ఆవిడ గుడికి వెళ్లే వేళ చూసుకుని పని మొదలుపెట్టేవాణ్ణి.

ఇపాక్సీకి వద్దాం. వెనక పలకని స్క్రూడ్రైవరు పిడితో తడుతూ వెళ్తే పైన టకటక, కిందికొచ్చేసరికి డప్పుకి తడి తగిలినట్టు బొద్దుగా వినిపించింది. విప్పితే లోపల ప్లైవుడ్ నానేసిన అటుకుల్లా చేతికొచ్చేసింది. ఇంజన్ మొత్తం బరువూ తోపూ ఆ పలక మీదే. ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లై రెండు ముక్కలు కోసి, ఇపాక్సీతో ఒకదానికొకటి అంటించి, అంచులకీ బోల్టు రంధ్రాల లోపలికీ కూడా ఇపాక్సీ తాగించి బిగించాను. చెక్కని పట్టుకోవడంలో పాలిస్టర్ రెసిన్ దీని దరిదాపుల్లోకి రాదు. రేటు నాకు ఐసోకి దాదాపు మూడు రెట్లు పడింది, కానీ పట్టేది మూడు నాలుగు కిలోలే.

దీంతో రెండు జాగ్రత్తలు. హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందని ఇక్కడ అనుకోకూడదు, డబ్బా మీద పాళ్లు ఎంతో అంతే, వంటింటి డిజిటల్ కాటా మీద తూచి కలపండి. రెండోది, పైన చెప్పిన మ్యాట్ దీనికి పనికిరాదు. ఆ మ్యాట్‌లో జిగురు పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది, ఇపాక్సీలో స్టైరీన్ లేదు, అందుకని మ్యాట్ బిర్రుగానే ఉండిపోయి మూలల్లో వంగదు. నేసిన గాజు గుడ్డ తీసుకోండి. అలాగే పాత పాలిస్టర్ మీద ఇపాక్సీ బాగా పడుతుంది కానీ ఇపాక్సీ మీద పాలిస్టర్ అంత నమ్మకంగా పట్టదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకోండి. పెద్దాయన నాకు ఆ వరస బిల్లు వెనకే రాసిచ్చారు, ఇంకా షెడ్డు గోడకి అంటించే ఉంది.

జెల్ కోట్, అదే అన్నిటికన్నా పైన వేసే రంగు పూత, దాని గురించి ఎక్కువ చెప్పలేను, నెల రోజులే అయింది. రంగు బాగానే ఉంది. ఒక్క సంగతి, గాలి తగిలే పైపొర జిడ్డుగా ఉండిపోతుంది, చివరి కోటులో మైనం ద్రావణం కలపమని అడిగి తీసుకోండి.

జూన్ మూడో వారం ఉప్పుటేరులోకి దింపాం. అరగంట తిప్పి, ఒడ్డుకి తెచ్చి, లోపల అతుకు వేసిన చోటంతా పాత న్యూస్‌పేపర్ పరిచి చూశాను, ఎక్కడా తడవలేదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెనక పలకని అదే స్క్రూడ్రైవరు పిడితో పైనుంచి కిందిదాకా తడుతున్నాను, అంతా ఒకటే మోత.

ఐసో రెసిన్‌కి ఐదుకి నాలుగున్నర, ఇపాక్సీకి ఐదు, మ్యాట్‌కి నాలుగు, ఎందుకంటే ఒక రోల్ అంచులు చెమ్మగా వచ్చాయి, ఎండలో పెట్టి వాడాల్సొచ్చింది. రెండు కిలోల రెసిన్ మిగిలింది. యాక్సిలరేటర్ కలిపింది కాబట్టి ఎక్కువ కాలం నిలవ ఉండదు. ఉప్పాడలో నాకు బోటు అమ్మినాయన కొత్త తెప్పకి ముక్కు దగ్గర బీట పడిందట, శనివారం పట్టుకెళ్లి ఇద్దరం కలిసి వేసేస్తాం.