తాళం బొమ్మను నమ్మాను, ధర్మవరం చీర రాలేదు

అనంతపురంలో ఉంటూ ధర్మవరం చీరకు ఆన్‌లైన్‌లో మోసపోయానంటే నవ్వుతారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. కానీ నిన్న మా వీధిలో ఇంకొకావిడ అదే సైట్‌లో డబ్బు కట్టబోయింది. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

ఆడపడుచు గృహప్రవేశానికి పెట్టడానికి పట్టుచీర కావాలి. ఫోన్‌లో ప్రకటన వచ్చింది: మగ్గం నుంచి నేరుగా మీ ఇంటికి, రూ.6,800. ముదురాకుపచ్చ చీర, ఎర్రంచు. నాకు తెలిసిన జాగ్రత్త ఒక్కటే. క్రోమ్‌లో సైట్ పేరు పక్కనున్న గుర్తు నొక్కాను. తాళం బొమ్మ, దాని పక్కన 'కనెక్షన్ ఈజ్ సెక్యూర్' అని వచ్చింది. ఇంకేం, కట్టేశా.

చీర రాలేదు. ఫోన్ ఎత్తరు.

మా మరిది కొడుకు చెప్పాకే తెలిసింది. ఆ తాళానికి అర్థం, మనం టైప్ చేసింది దారిలో ఇంకెవరూ చదవలేరని మాత్రమే. అవతల కూర్చున్నవాడు మంచోడా దొంగా అన్నది దానికి పట్టదు. ఆ తాళం కనిపించాలంటే సైట్‌కు ఒక సర్టిఫికెట్ ఉండాలి, ఒకప్పుడు దానికి డబ్బులు పెట్టాల్సి వచ్చేదట. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సైట్ పేరు నీ చేతిలో ఉందని నిరూపిస్తే చాలు, నిమిషాల్లో వచ్చేస్తుంది. 2018 జులై నుంచి తాళం లేని సైట్లకు క్రోమ్ 'నాట్ సెక్యూర్' అని చూపిస్తోంది కాబట్టి అందరూ పెట్టుకున్నారు, దొంగలతో సహా. జనం తాళాన్ని తప్పుగా నమ్ముతున్నారనే 2023లో క్రోమ్ పైన కనిపించే తాళం బొమ్మను మార్చేసింది. నాలాంటివాళ్లు లోపలికి వెళ్లి మరీ వెతుక్కుంటాం మరి! మా అత్త ఒక్క ముక్కలో తేల్చేసింది: "బీరువాకి తాళముంది సరే, బీరువా ఎవరిదో చూసుకోవద్దా?"

అసలు చూడాల్సింది నా కళ్ల ముందే ఉంది. యూపీఐ పిన్ కొట్టే ముందు డబ్బు ఎవరికి వెళ్తుందో పేరు కనిపిస్తుంది కదా, అక్కడ షాపు పేరు లేదు. ఎవరో మనిషి పేరు. చూశాను కూడా, ఓనరేమో అనుకున్నా. సైట్‌లో దుకాణం చిరునామా లేదు, ధర్మవరం అన్న మాట తప్ప.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. నేను చేసింది తొమ్మిదో రోజున, డబ్బు ఇంకా రాలేదు. ఎర్రంచు ఆకుపచ్చ చీర ఫోటో చూసి మీలో ఎవరైనా ఇప్పటికే కట్టుంటే, పార్శిల్ కోసం ఎదురుచూడకుండా ఈరోజే చేయండి.