కర్నూలులో హోమ్ కేర్ సేవ, కార్డు స్టేట్‌మెంటులో కనిపించిన అదనపు వసూళ్లు

తుంటి ఎముక ఆపరేషన్ తరువాత మంచానికి పరిమితమైన మా అమ్మగారి కోసం, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఒక హోమ్ కేర్ సంస్థ ద్వారా వెంకటరమణ కాలనీలోని మా ఇంటికి అటెండెంటును పెట్టించుకున్నాము. సేవ వరకు ఆ సంస్థను మెచ్చుకోవలసిందే. నంద్యాల వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయి అమ్మను "అవ్వా" అని పిలుస్తూ, పుండ్లు పడకుండా వేళకు పక్క మార్చుతూ, బీపీ, షుగర్ కొలతలను పుస్తకంలో రాస్తూ, వాకర్ పట్టుకుని నడిచే దాకా ఓపికగా చూసుకుంది. నా ఫిర్యాదంతా సంస్థ డబ్బు వసూలు చేసిన పద్ధతి మీదే.

అమ్మ కోలుకున్నాక సేవ చాలునని వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెలియజేశాము. అయినా తరువాతి స్టేట్‌మెంటులో మూడు వసూళ్లు కనిపించాయి: ఎవరిదో తెలియని పేరుతో 11,500 రూపాయలు, తిరిగి ఇచ్చేసిన ఎయిర్ బెడ్‌కు అద్దెగా 2,400, ఉగాదికి అటెండెంటు ఊరికి వెళ్లినప్పుడు వేరొకరిని పంపినందుకు 1,500.

తెలియని పేరు కనిపించగానే మోసం జరిగిందని బ్యాంకుకు ఫోన్ చేయడం సహజమే కానీ, ముందుగా సంస్థ ఇచ్చిన పాత ఇన్‌వాయిస్‌ను తీసి చూడాలి. బోర్డు మీద ఉండే పేరు వేరు, కంపెనీగా నమోదైన పేరు వేరు కావచ్చు. స్టేట్‌మెంటులో రెండోదో, చెల్లింపు గేట్‌వే (సంస్థ తరఫున ఆన్‌లైన్‌లో డబ్బు స్వీకరించే మధ్యవర్తి) పేరో పడుతుంది. మా ఇన్‌వాయిస్ అడుగున చిన్న అక్షరాలలో ఉన్నది సరిగ్గా ఆ పేరే. ఈ తేడా చాలా ముఖ్యమైనది. కార్డు వివరాలు దొంగిలించి ఎవరో వాడుకుంటే అది అనధికార లావాదేవీ. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, బ్యాంకు తప్పు గానీ ఖాతాదారు తప్పు గానీ లేని సందర్భంలో, మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుపై భారం పడదు. మనమే ఓటీపీ ఇచ్చి అనుమతించిన సంస్థ, రాని రోజులకు కూడా డబ్బు తీసుకుంటే అది బిల్లు వివాదం. దీనిని మోసం కింద రాస్తే కార్డు బ్లాక్ అవుతుంది, పైగా "ఓటీపీ మీరే ఇచ్చారు కదా" అని ఫిర్యాదును మూసివేసే వీలు బ్యాంకుకు దొరుకుతుంది.

మరి 11,500 రూపాయలు ఓటీపీ లేకుండా ఎలా పోయాయి? చేరిన రోజు సంస్థ యాప్‌లో కార్డు నమోదు చేసినప్పుడు ఇచ్చిన ఓటీపీ, ఈ-మ్యాండేట్‌కు, అంటే సంస్థ ఆ కార్డు నుంచి పదేపదే తానే డబ్బు తీసుకునే ఏర్పాటుకు, కూడా అనుమతి అయింది. ఇటువంటి వసూళ్లకు 15,000 రూపాయల వరకు ప్రతిసారీ ఓటీపీ అవసరం లేదు; ఈ పరిమితిని 2022లో 5,000 నుంచి పెంచారు. నెల మొత్తాన్ని ఒకేసారి అడగకుండా పక్షానికోసారి వసూలు చేయడం వల్ల ప్రతి మొత్తమూ ఆ పరిమితిలోనే ఇమిడిపోయింది. కనీసం 24 గంటల ముందు సమాచారం పంపాలన్న నియమం ఉంది, ఆ సందేశం వచ్చింది కూడా. కానీ కార్డు బెంగళూరులో ఉన్న మా తమ్ముడిది కాబట్టి సందేశం అతనికే వెళ్లింది, అందులోనూ ఆ తెలియని పేరే ఉంది. తల్లిదండ్రులు ఇక్కడ, కార్డు గల పిల్లలు ఎక్కడో ఉండే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయి గనుక ఈ సంగతిని ప్రత్యేకంగా చెబుతున్నాను. యాప్‌లో కార్డును తొలగిస్తే సరిపోదు. కార్డుదారు తన బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మ్యాండేట్‌నే రద్దు చేయాలి.

సంస్థ వారు మొదట "సిస్టమ్ ఆటోమేటిక్‌గా తీసుకుంది" అన్నారు, తరువాత ఆ సొమ్మును వాలెట్‌లో జమ చేస్తామన్నారు. సేవే అక్కరలేనివారికి వాలెట్ ఎందుకని నిరాకరించాము. ఎయిర్ బెడ్ తీసుకువెళ్లిన మనిషి సంతకం చేసిన రసీదు ఫోటో పంపగానే 2,400 వెనక్కి ఇచ్చారు. మిగిలినదానికి తమ్ముడు బ్యాంకులో వివాదం నమోదు చేశాడు. అందులో మాకు అన్నిటికన్నా అక్కరకు వచ్చినది అటెండెంటు రోజూ సంతకం చేసిన హాజరు పట్టిక. ప్రతి పేజీనీ ఫోటో తీసి ఉంచుకోవాలని ఇటువంటి సేవ తీసుకునే ప్రతి ఇంటివారినీ కోరుతున్నాను. కార్డు బిల్లును ఖాతాదారు ప్రశ్నిస్తే 30 రోజుల్లోగా వివరణనూ, అవసరమైన చోట ఆధారాలనూ ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకుదే. ఆ పక్షానికి హాజరు చూపించలేక సంస్థ వెనక్కి తగ్గింది, 11,500 తిరిగి వచ్చాయి. 1,500 మాత్రం రాలేదు. ఆ రుసుము షరతులలో ఉంది. షరతులలో ఉన్నా, మనిషిని మార్చే ముందు ఫోన్‌లో ఒక్క మాట చెప్పకపోవడం న్యాయం కాదనే నా అభిప్రాయం.

వివాదం నడుస్తున్నంత కాలం మిగిలిన బిల్లును గడువులోగా పూర్తిగా కట్టాలి, కనీస మొత్తం కట్టి ఊరుకుంటే వడ్డీ మొదలవుతుంది. వివాదంలో ఉన్న సొమ్మును పక్కన పెడతారో లేదో బ్యాంకును ఈ-మెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోవాలి. బ్యాంకు 30 రోజుల్లో పట్టించుకోకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఆ దారి బ్యాంకు మీదికే, సంస్థ మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. వివాదాలన్నీ హైదరాబాదు కోర్టుల పరిధిలోనే అని షరతులలో రాసి ఉన్నా జంకనవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేసుకోనిస్తుంది.

మళ్లీ అవసరం పడితే ఆ అమ్మాయినే పంపమని అడుగుతాను. కార్డు మాత్రం నమోదు చేయము. పక్షం చివర హాజరు చూసుకుని యూపీఐ ద్వారా చెల్లించే వీలు ఉన్నదని వారి కర్నూలు ప్రతినిధి మాకు చివరలో చెప్పారు. చేరే రోజున మీరే అడిగి, ఆ ఒప్పుకోలును రాతలో తీసుకోండి.