దారి మధ్యలో వీసాకి అప్లై చేయడం: ఏడేళ్లు వాడాక నా రివ్యూ

ఇంటి నుంచి బయల్దేరాక, ఒక దేశంలో ఉండగానే తర్వాతి దేశానికి వీసా పెట్టుకోవడం ఏడేళ్లుగా చేస్తున్నాను. ఆన్‌లైన్‌లో వచ్చే ఈ-వీసాకి ఐదులో నాలుగు ఇస్తాను. పాస్‌పోర్ట్ చేతికిచ్చి స్టిక్కర్ వేయించుకునే వీసాకి, అదీ పరాయి దేశంలో ఉండి, ఒకటి. ఆ ఒకటి కూడా కౌంటర్ల దగ్గర ఓపిగ్గా సమాధానం చెప్పిన కొద్దిమంది కోసమే.

అసలు చిక్కు ఏమిటంటే ఈ పద్ధతి మొత్తం ఇంట్లో ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. చాలా ఎంబసీలు తామున్న దేశంలో రెసిడెన్స్ పర్మిట్ (నివాస అనుమతి) ఉన్నవాళ్ల అప్లికేషన్లే తీసుకుంటాయి. షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) నిబంధనల ప్రకారం, కాన్సులేట్ ఉన్న దేశంలో చట్టబద్ధంగా ఉన్న టూరిస్ట్ కూడా, ఇక్కడే ఎందుకు పెడుతున్నాడో సరైన కారణం చూపిస్తే పెట్టుకోవచ్చు, కానీ ఆ కారణం సరైనదా కాదా అన్నది కాన్సులేట్ ఇష్టం. అమెరికా కూడా 2025 సెప్టెంబర్‌లో, టూరిస్ట్ లాంటి వీసాలకు సొంత దేశంలోనో నివాసం ఉంటున్న దేశంలోనో ఇంటర్వ్యూ పెట్టుకోవాలని చెప్పేసింది. ఒకసారి నేను అపాయింట్‌మెంట్ కోసం తొమ్మిది రోజులు ఆగి, కాగితాలన్నీ వరసగా సర్దుకుని వెళ్తే, కౌంటర్‌లో ఉన్నావిడ ఫైల్ తెరవకుండానే "మీరిక్కడ రెసిడెంట్ కాదు కదండీ" అని రెండు నిమిషాల్లో పంపించేశారు. ఆమె తప్పేం లేదు. ఆ ఒక్క ముక్క వెబ్‌సైట్‌లో ముందే రాసి ఉంటే నా తొమ్మిది రోజులు మిగిలేవి, ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది.

తీసుకున్నారే అనుకోండి, టెన్షన్ అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే పాస్‌పోర్ట్ మన దగ్గర ఉండదు. షెంజెన్ వీసాకి మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, అవసరమైతే 45 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. మనకేమో అప్లై చేస్తున్న దేశంలో ఉండటానికి 30 రోజులే ఇచ్చి ఉంటారు! నాకు ఒకసారి సరిగ్గా అలాగే జరిగింది. 11వ రోజు అప్లికేషన్ ఇచ్చాను, 28వ రోజు సాయంత్రం కౌంటర్ మూసే ముందు పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. ఆ మధ్య ఎక్కడికీ కదల్లేను, జిరాక్స్ కాపీ, రసీదు చూపిస్తే రెండు హోటళ్లు గది ఇవ్వం అన్నాయి, సిమ్ కార్డు అయిపోతే కొత్తది కొనలేకపోయాను. రోజూ పొద్దున లేవగానే ట్రాకింగ్ పేజీ తెరిస్తే "పరిశీలనలో ఉంది" అన్న అదే లైను. నేనుంటున్న గదిలోనే పక్క మంచం మీద ఉన్నతను రాత్రి అనుకుని పొద్దున టికెట్ కొనుక్కుని నేను వెళ్లాలనుకుంటున్న దేశానికే వెళ్లిపోయాడు, అతని పాస్‌పోర్ట్‌కి అక్కడ వీసా అక్కర్లేదు. అతని మీద నాకేం కోపం లేదు గానీ ఆ రోజు చాలా బాధేసింది.

కాగితాల సంగతి ఇంకోటి. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఫోన్‌లో దిగిపోతుంది, కానీ చాలా చోట్ల దాని మీద బ్యాంక్ స్టాంపు, సంతకం కావాలంటారు, ఆ బ్రాంచి ఉన్నది వేరే ఖండంలో. ఇంట్లోవాళ్లు బ్యాంకుకి వెళ్లి స్టాంపు వేయించి కొరియర్ చేస్తే అది నేను ఊరు మారాక వచ్చింది. ఫోటోలు కూడా అంతే, షెంజెన్‌కి 35 బై 45 మిల్లీమీటర్లు, అమెరికాకి రెండంగుళాల చదరం, ఒకదానికి తీయించుకున్నవి ఇంకోదానికి పనికిరావు. షెంజెన్‌కి 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్, పాస్‌పోర్ట్‌లో కనీసం రెండు ఖాళీ పేజీలు. ఏళ్ల తరబడి తిరిగేవాళ్లకి ఆ పేజీలే ముందు అయిపోతాయి. ఇన్ని ఇచ్చాక కాదన్నా ఫీజు వెనక్కి రాదు.

ఈ-వీసా నాకు నచ్చేది ఒక్క కారణానికే, పాస్‌పోర్ట్ మన దగ్గరే ఉంటుంది. ఫోటో ఫైల్ సైజు ఎక్కువైందని పేజీ మొరాయించడం, సగం నింపాక సెషన్ అయిపోవడం ఉన్నాయి, అయినా భరించొచ్చు. ప్రభుత్వ సైట్‌లాగే కనిపించి ఎక్కువ డబ్బు లాగే సైట్లు మాత్రం చాలా ఉన్నాయి, అడ్రస్ రెండుసార్లు చూసుకోండి. పాస్‌పోర్ట్ నంబర్‌లో ఒక్క అంకె తప్పినా విమానం ఎక్కనివ్వకపోవచ్చు.

ఇప్పుడు నేను స్టిక్కర్ వీసాలు ఇంటి దగ్గరే తీసుకుని బయల్దేరుతున్నాను. షెంజెన్‌కి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. మధ్యలో పెట్టుకోక తప్పకపోతే, ముందు ఎంబసీకి మెయిల్ రాసి, నివాసి కానివాళ్లవి తీసుకుంటారా అని అడిగి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి పట్టుకెళ్తాను. వీసా చేతికి రాగానే అక్కడే నిలబడి పేరు, నంబర్, తేదీలు, ముఖ్యంగా ఎన్ని రోజులు ఉండొచ్చో రాసిన గడి చూసుకుంటాను. 28వ రోజు నాకొచ్చిన స్టిక్కర్ మీద వీసా గడువు నెల ఉంది, ఆ గడిలో మాత్రం 12 రోజులే. అది నేను గమనించింది టికెట్లు కొన్నాక.