పుంటా కానాలో ఐదు రాత్రులు: పట్టీలో ఉన్నవి, లేనివి

కరీబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాలో, మా రిసార్ట్ రిసెప్షన్‌లో అమ్మాయి మా నలుగురి చేతులకీ నీలం పట్టీలు కట్టి, మిగిలిన కొసల్ని కత్తెరతో కత్తిరించి, “ఇక పర్సు లాకర్లో పెట్టేయండి, వెళ్లేరోజు దాకా దానితో పనిలేదు” అంది. అత్తయ్య చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. “ఆస్పత్రిలో చేరినప్పుడు కడతారే, అచ్చం అలాగే ఉంది. దీనికేనా మూడు వేల డాలర్లు?” అన్నారు.

దీనికే. లెక్క ప్రకారం 3,100 డాలర్లు. ముగ్గురు పెద్దవాళ్లకీ, పదకొండేళ్ల మావాడికీ కలిపి ఐదు రాత్రులకి. విమానం టికెట్లు వేరే. గది, తిండి, తాగుడు, ఈతకొలనులు, సముద్రం ఒడ్డున గొడుగు కింద కుర్చీలు, రాత్రిళ్లు ఆటాపాటా అన్నీ అందులోనే. కేసినో, స్పా కూడా ఉన్నాయని ప్రకటనలో పెద్ద బొమ్మలేసి చూపించారు. ఉన్నమాట నిజమే. ఉండటం వేరు, పట్టీలో కలిసి ఉండటం వేరు అని వెళ్లాకగానీ మాకు తెలియలేదు.

ముందు ప్రయాణం సంగతి చెప్పేస్తాను. డొమినికన్ రిపబ్లిక్‌కి మన పాస్‌పోర్టు మీద మామూలుగా వీసా కావాలి. గడువున్న అమెరికా వీసాగానీ గ్రీన్‌కార్డుగానీ ఉంటే అక్కర్లేదు. చిక్కంతా అమెరికాకి తిరుగు ప్రయాణంలోనే. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయినవాళ్లు, కెనడాకో మెక్సికోకో నాలుగు రోజులు వెళ్లొస్తే ఆ పాత స్టాంపుతోనే మళ్లీ రానిచ్చే మినహాయింపు ఇక్కడా దొరుకుతుందనుకుని బయల్దేరితే ఇరుక్కుంటారు. రాకకీ పోకకీ ఈ-టికెట్ అని ఒక ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రభుత్వ సైట్‌లో అది ఉచితం. వెతికితే డబ్బులు వసూలు చేసే సైట్లే ముందు కనిపిస్తాయి, చూసుకోండి.

విమానాశ్రయానికి తాటాకు పందిరిలాంటి పైకప్పు. అత్తయ్యకి అది భలే నచ్చింది. సామాను తీసుకుని బయటికి వచ్చే దారిలో యూనిఫారాలు వేసుకుని, మెడలో కార్డులు తగిలించుకుని “మీ కారు ఎక్కడుందో చూపిస్తాం రండి” అంటూ కొందరు ఎదురొస్తారు. వాళ్లు కారు చూపించడానికి కాదు, టైమ్‌షేర్ (ఏటా కొన్నాళ్లు రిసార్ట్ గది వాడుకునే వాటా) అంటగట్టడానికి. తలదించుకుని నడిచి వచ్చేస్తే సరిపోతుంది. ముందే మాట్లాడుకున్న వ్యాను మమ్మల్ని అరగంటలో బవారో బీచ్ దగ్గర రిసార్ట్‌లో దింపింది.

తిండి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మా అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. వచ్చేముందు నా దిగులంతా అదే. సూట్‌కేసులో మాగాయ సీసా, కందిపొడి డబ్బా సర్దుకున్నాం. బఫేలో మొదటి రోజు పొద్దున్నే మంగూ అని ఒకటి కనిపించింది. పచ్చి అరటికాయలు ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, పైన వెనిగర్‌లో మగ్గించిన ఎర్ర ఉల్లిపాయలు వేస్తారు. అక్కడివాళ్లకి పొద్దున్న పలహారం అదే. అత్తయ్య ఒక చెంచా నోట్లో పెట్టుకుని, “పోపు మర్చిపోయారు, అంతే” అన్నారు. ఆ తర్వాత ఐదు రోజులూ ఆవిడ ఆ కౌంటర్ వదల్లేదు. మధ్యాహ్నం అన్నం, ఎర్ర చిక్కుడు గింజల పులుసు, రెండుసార్లు నూనెలో వేయించి నొక్కిన అరటికాయ ముక్కలు, ఉడికించిన కర్రపెండలం. కొత్తచోట ఉన్నామనిపించలేదు. ఒకటే జాగ్రత్త: గింజల పులుసులో ఒక్కోసారి రుచికోసం పందిమాంసం వేసి ఉడికిస్తారు, పైకి కనిపించదు. రోజూ వంటాయన్ని అడిగే వడ్డించుకున్నాం. ఆయన మూడోరోజు నుంచి అత్తయ్యని చూడగానే తనే చెయ్యి ఊపి “ఇది వద్దు, అది తీసుకోండి” అని సైగ చేసేవాడు.

బఫే కాకుండా ఆరు చిన్న రెస్టారెంట్లున్నాయి. వాటిలో సాయంత్రం టేబుల్ దొరకాలంటే పొద్దున ఎనిమిదింటికే వెళ్లి వరసలో నిలబడాలి. ‘ఎన్నిసార్లయినా తినొచ్చు’ అన్నది నిజమే కానీ ఏడున్నరకి తినాలనుకుంటే తొమ్మిదిన్నరకి చోటిచ్చారు. ఇటాలియన్‌ది బాగుంది. జపనీస్‌లో చెమ్మటోడ్చి పెనం మీద విన్యాసాలు చేశారు, శాకాహారికి మాత్రం చివరికి సోయాసాస్ అన్నమే మిగిలింది. చినోలా అని పిలిచే పాషన్ ఫ్రూట్ రసం ఎక్కడ దొరికినా తాగండి. కుళాయి నీళ్లు మాత్రం తాగకూడదు. గదిలో సీసాలు రోజూ పెడతారు, పళ్లు తోముకోడానికీ అవే వాడాం.

ఇక సముద్రం. ఫోటోల్లో మణినీలం, పాలపిండిలాంటి ఇసుక. మేము వెళ్లింది మే నెల మధ్యలో. గది తలుపు తీసి బాల్కనీలోకి వస్తే ఏదో కుళ్లిన కోడిగుడ్డు వాసన. మావాడు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. తీరా అది సర్గాసం. గోధుమరంగు నాచు, సముద్రం మీద తెప్పలు తెప్పలుగా తేలుతూ వచ్చి ఒడ్డున పడి, ఎండకి కుళ్లి, హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. 2011 నుంచి అట్లాంటిక్‌లో ఇది విపరీతంగా పెరిగింది. వేసవి నెలల్లో తూర్పుకి తిరిగి ఉన్న ఈ తీరానికి ఎక్కువగా కొట్టుకొస్తుంది. రిసార్ట్‌వాళ్లు తెల్లవారుజామున ట్రాక్టర్లతో ఎత్తిపోసేవాళ్లు. తొమ్మిదింటికల్లా ఒడ్డు శుభ్రం, పదకొండింటికి మళ్లీ ఒక గోధుమరంగు అంచు. వాళ్లు చేయగలిగింది వాళ్లు చేశారు, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. గది అమ్మేటప్పుడు జనవరి ఫోటో పెట్టి మే నెల అమ్మారు, అదొక్కటే ఫిర్యాదు. సముద్రం కోసమే వెళ్లేవాళ్లు చలికాలంలో వెళ్లండి. లేదంటే దక్షిణాన బయాహీబే వైపు గది చూసుకోండి, అటు నాచు బాగా తక్కువ. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫానుల కాలమన్నది ఎలాగూ లెక్కలో పెట్టుకోవాలి.

మేము కూడా ఒక రోజు బయాహీబే వెళ్లి, అక్కణ్నుంచి పడవ మీద సావోనా దీవికి వెళ్లాం. దారిలో నడిసముద్రంలో నడుము లోతే ఉండే ఇసుకతిన్నె దగ్గర ఆపారు. నీళ్లలో అడుగున నక్షత్ర చేపలు. పైకి ఎత్తితే వాటికి ప్రాణం మీదికొస్తుందని గైడ్ చెబుతూనే ఉన్నాడు, పక్క పడవవాళ్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు. దీవిలో మూడు గంటలు. ఐదు రోజుల్లో మావాడికి గుర్తుండిపోయేది అదేననుకుంటాను. ఇందుకు మనిషికి 95 డాలర్లు, పట్టీతో సంబంధం లేదు. రాజధాని సాంటో డొమింగోలో 1990లో యునెస్కో గుర్తించిన, వలస పాలన కాలపు పాత నగరం, అమెరికా ఖండాల్లోకెల్లా మొదటి కేథడ్రల్ ఉన్నాయి. రాను పోను ఐదు గంటల రోడ్డు ప్రయాణం అత్తయ్య నడుముకి పడదని మానేశాం.

కేసినో లాబీ పక్కనే. గదికి వెళ్లాలన్నా, భోజనానికి వెళ్లాలన్నా దాని గుమ్మం ముందు నుంచే నడవాలి. అలా కట్టడం యాదృచ్ఛికమని నేననుకోను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ప్రవేశం లేదు కాబట్టి మావాణ్ని నాన్నమ్మకి అప్పజెప్పి మేమిద్దరం వెళ్లాం. లోపల గడియారం లేదు, కిటికీ లేదు, సిగరెట్ పొగ మాత్రం దండిగా ఉంది. మందు ఇక్కడా ఉచితమే. పగలంతా పైసా లెక్కపెట్టకుండా తిరిగిన మనిషి, చేతిలో ఉచిత గ్లాసుతో, మొదటిసారి నోటు బయటికి తీసేది ఇక్కడే.

మా ఆయన లెక్కల మనిషి. వెళ్లేముందు నాకు పాఠం చెప్పి మరీ తీసుకెళ్లారు. ఆ పాఠం పనికొచ్చేదే, ఆయనకి కాకపోయినా. రూలెట్ చక్రం మీద ఎన్ని సున్నాలున్నాయో ముందు చూడాలట. ఒకటే ఉంటే పందెంలో సగటున కేసినోవాళ్ల వాటా 2.7 శాతం. ఇక్కడ రెండు సున్నాల చక్రం: 38 గళ్లు, ఒక అంకె మీద పెట్టి గెలిస్తే ఒకటికి 35 ఇస్తారు. అంటే వాళ్ల వాటా 5.26 శాతం. పది డాలర్ల చొప్పున గంటకి నలభైసార్లు ఆడితే సగటున 21 డాలర్లు మనవి కావు. బ్లాక్‌జాక్ బల్ల మీద రాత చదవాలి. మొదటి రెండు ముక్కల్లోనే 21 పడితే, మామూలుగా పదికి పదిహేను ఇవ్వాల్సిన చోట వీళ్లు పన్నెండే ఇస్తున్నారు. ఇవన్నీ నాకు వివరించి, ఆయన వెళ్లి రూలెట్ దగ్గరే కూర్చున్నారు. గంటన్నరలో 140 డాలర్లు. “సగటు కన్నా ఎక్కువే పోయినట్టుంది కదండీ” అంటే “సగటు అనేది దీర్ఘకాలంలో” అన్నారు. దీర్ఘకాలం ఆడనివ్వలేదు నేను.

ఆ మూల ఇంకో ఆట ఉంది. చిన్న గోళీలు పెట్టెలో వేసి దొర్లిస్తారు, పడిన అంకెల్ని బట్టి పాయింట్లు. పాయింట్లు ఒక మెట్టుకి చేరితే పెద్ద బహుమతి, చేరేదాకా ప్రతిసారీ పందెం రెట్టింపు. మమ్మల్ని కూర్చోబెట్టి, మొదటి రెండు చుట్లూ ఉచితంగా ఆడించి, “చూశారా, సగం దూరం వచ్చేశారు” అన్నారు. ఆ ‘సగం’ అన్న మాటకే నాకు ఒళ్లు జలదరించింది. లేచి వచ్చేశాం. ఆటగాడికే నియమాలు పూర్తిగా అర్థంకాని బల్ల దగ్గర కూర్చోవద్దు. రిసార్ట్ కానుకగా ఇచ్చిన 20 డాలర్ల కేసినో కూపన్ కూడా అంతే, దాన్ని నగదుగా మార్చుకోలేం. సొంత 20 డాలర్లు పక్కన పెడితేనే చెల్లుతుంది.

స్పా సంగతి వేరు. డబ్బు పోయిందిగానీ మనసు కష్టపడలేదు. గది బుక్ చేసినప్పుడు “500 డాలర్ల క్రెడిట్” అని ఊరించారు. తీరా అది చిన్న చిన్న కూపన్ల పుస్తకం. మసాజ్‌కి ఒకటే కూపన్ వాడాలి, అదీ 30 డాలర్లదే. 50 నిమిషాల మసాజ్ 150, కూపన్ పోగా 120. నీటి చికిత్స అని ఇంకొకటి ఉంది: ఆవిరి గది, సానా, వేన్నీళ్ల తొట్టి, ఐసునీళ్ల తొట్టి, నడుముకీ మెడకీ ధారగా పడే నీళ్లు. మనిషికి 30. అన్నింటి మీదా 18 శాతం పన్ను. నేనూ అత్తయ్యా కలిసి 212 డాలర్లు వదిలించుకున్నాం. మసాజ్ నేను ఒక్కదాన్నే చేయించుకున్నాను, చేసినామె చేతిలో పనితనం ఉంది. అయినా మళ్లీ వెళ్తే దాని జోలికి పోను, నీటి చికిత్స ఒక్కటే రెండుసార్లు తీసుకుంటాను. ఐసునీళ్ల తొట్టిలో దిగనని గొడవ చేసిన అత్తయ్య, దిగాక “మాఘమాసం స్నానాలు చేసినదాన్ని, ఇదేపాటి” అంటూ మిగతావాళ్లు చూస్తుండగా మూడు మునకలు వేశారు.

అన్నట్టు, “స్వాగత అల్పాహారం” అంటూ పిలిస్తే వెళ్లకండి. తొంభై నిమిషాలన్నారు, రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. ఇరవయ్యేళ్ల సభ్యత్వం కొనమని ముగ్గురు వంతులవారీగా వచ్చారు. వద్దన్నకొద్దీ ధర సగానికి, ఆపైన మూడోవంతుకి దిగింది. ఆ పూట సముద్రం శుభ్రంగా ఉందట, మావాడు తర్వాత చెప్పాడు.

గది శుభ్రం చేసే ఆమెకి రోజూ రెండు డాలర్లు దిండు మీద పెట్టాం. నోట్లే ఇవ్వాలి, అమెరికా చిల్లర నాణేలు అక్కడ మార్చుకోలేరు. మూడోరోజు నుంచి తువ్వాళ్లు హంసలయ్యాయి, మావాడి కోసం ఒకరోజు ఏనుగు. పొద్దున ఆరింటికి బాల్కనీలో నిలబడితే వెనక గేటు దగ్గర బస్సుల్లోంచి వందలమంది దిగుతూ కనిపించేవాళ్లు. వాళ్లెవరి చేతికీ పట్టీ ఉండదు.

వెళ్లేరోజు రిసెప్షన్‌లో కాగితం ఇచ్చారు: స్పా, సావోనా పడవ, ఒక ఫోన్ కాల్. కేసినోది అందులో లేదు, అది ఎప్పటికప్పుడే చెల్లిపోయింది. పట్టీలు కత్తిరించమంటే మావాడు ససేమిరా అన్నాడు, ఉంచేశాం. విమానాశ్రయంలో పాస్‌పోర్టు తనిఖీ దాటాక వాడు నేరుగా ఒక దుకాణంలోకి వెళ్లి, ఫ్రిజ్ తలుపు తీసి, చినోలా రసం సీసా తీసుకుని, మూత తిప్పుకుంటూ బయటికి నడిచొచ్చాడు. కౌంటర్లో అమ్మాయి వెనకనుంచి ఏదో అరుస్తోంది. వీడు తిరిగి చూసి, నవ్వి, ఆమెకి తన నీలం పట్టీ చూపించాడు.